ఎంపీ గారి కొలనులో మా ఊరి ఈత

బెరిల్ హాల్సాల్ చేత నేను మొదటిసారి గట్టిగా తిట్లు తిన్నప్పుడు చర్చి హాల్లో పియానో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను.

"కాళ్లు ముడువు ఇండీ! కప్పని ఎప్పుడూ చూళ్లేదా? ముడిచి, విప్పి, చాచు! నువ్వేమో సైకిలు తొక్కుతున్నావ్!"

నా పేరు ఇందిర. థార్న్‌షాలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఇరవై ఏళ్లు దాటింది. ఈ లాంకషైర్ వాళ్ల నోట్లో పడి ఇందిర ఎప్పుడో ఇండీ అయిపోయింది. ఇంటి దగ్గర్నుంచి ఫోన్ వచ్చినా ఒక్కోసారి "ఇండీని మాట్లాడుతున్నా" అనేస్తుంటాను. నలభై ఏడేళ్లు వచ్చాక ఈత నేర్చుకోవాలని బుద్ధి పుట్టి బెరిల్ దగ్గర చేరాను. గట్టు పట్టుకుని కాళ్లాడించడం కాస్త పట్టుబడుతోంది అనుకునేసరికి, 2009 జనవరిలో ఊరి ఈతకొలను మూతపడింది. బాయిలర్ చచ్చిపోయింది. కొత్తది కొనడానికి డబ్బు లేదని కౌన్సిల్ వాళ్లు తలుపులకి గొలుసు వేసి తాళం పెట్టేశారు.

ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారు. బెరిల్ మాత్రం మమ్మల్నందరినీ చర్చి హాలుకి తోలింది. బల్లలు, బెంచీలు వరసగా వేయించి, వాటి మీద బోర్లా పడుకోబెట్టి, నీళ్లు లేకుండానే ఈత నేర్పడం మొదలుపెట్టింది. చూసిన వాళ్లు నవ్వేవాళ్లు. పిల్లలు, గృహిణులు, ముసలివాళ్లు, ఒక కసాయి షాపు ఆయన, అందరం గాలిలో చేతులు కాళ్లు ఆడిస్తూ! సిరిల్ అని ఒకప్పుడు బొగ్గు గనిలో పనిచేసిన పెద్దాయన ఉండేవాడు. మోకాళ్లు పట్టేసి నీళ్లలో తప్ప నడవలేడు. ఆయన కుర్చీలో కూర్చుని చేతులు మాత్రం ఊపేవాడు.

"బెరిల్, నేనెంతదాకా వచ్చాను?" అని అడిగేవాడు.

"సగం దాటేశావు సిరిల్, గోడ కనిపిస్తోంది, ఆగకు!" అనేది ఆవిడ.

ఆవిడకప్పుడు అరవై నాలుగు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం పడవ నడిపేవాడి భుజాల్లా ఉండేవి. పదిహేనో ఏట ఆ కొలను దగ్గర తువ్వాళ్లు అందించే పిల్లగా చేరింది. అప్పటికి ఈత రాదు. నేల పలకలు తోముతూ, పైనుంచి ఈదేవాళ్లని చూస్తూ నేర్చుకుంది. ఒకరోజు తెల్లవారుజామున జనం రాకముందే ఒక్కతే నీళ్లలో ఉండగా మేనేజరు వచ్చాడు. ఇంక ఉద్యోగం పోయినట్టే అనుకుంది. ఆయన గట్టున నిలబడి కాసేపు చూసి, జేబులోంచి తన ఈల తీసి ఇచ్చాడట, "రేపట్నుంచి పిల్లల్ని నువ్వే చూడు" అని.

భర్త విల్ఫ్ కూడా ఆవిడకి అక్కడే దొరికాడు. ఈత వచ్చని స్నేహితులతో పందెం కాసి లోతు వైపు దూకాడు. బెరిల్ దూకి జుట్టు పట్టుకుని గట్టుకి ఈడ్చింది. "ఆ తర్వాత పదేళ్లకే జుట్టంతా ఊడిపోయింది, మా ఆవిడ లాగిన లాగుడికే" అని విల్ఫ్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆయన జీవితమంతా టూరిస్టు బస్సులు నడిపి రిటైరయ్యాడు.

ఊళ్లో ఈత వచ్చిన ప్రతివాడికీ నేర్పింది ఆవిడే. మా ఎంపీ డెస్మండ్ ప్రాట్లీకి కూడా.

డెస్మండ్ మా ఊరి చెప్పుల షాపు వాళ్ల అబ్బాయి. చదువుకుని, లాయరై, పన్నెండేళ్ల కిందట ఎంపీ అయ్యాడు. వాడు గెలిచిన రోజు బెరిల్ కొలను దగ్గర అందరికీ కేకు పంచిందట. మంచి మాటకారి. కొలను మూసేసినప్పుడు వచ్చి, గొలుసు వేసిన తలుపు ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. బెరిల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలా బాధగా ఉంది మిసెస్ హాల్సాల్. కానీ దేశం కష్టకాలంలో ఉంది. అందరం కాస్త సర్దుకోవాలి" అన్నాడు.

బెరిల్ తలూపింది. "వాడు మాత్రం ఏం చేస్తాడులే" అని మాతో అంది. మనసులో కూడా అలాగే అనుకుంది. అందుకే తర్వాత ఆవిడకి అంత మండింది.

మే నెలలో ఒక పత్రిక ఎంపీల ఖర్చుల బండారం బయటపెట్టడం మొదలుపెట్టింది. ఎంపీలకి సొంత ఊళ్లో ఒక ఇల్లు ఉంటుంది, పార్లమెంటుకి వెళ్లిరావడానికి ఇంకో ఇల్లు కావాలి. ఆ రెండో ఇంటి ఖర్చు ప్రజల డబ్బులోంచి తీసుకోవచ్చు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆ పేరు మీద ఏమేం కొనుక్కున్నారో చదువుతుంటే దేశమంతా కుతకుతా ఉడికిపోయింది. పరుపులు, టీవీలు, తోట పని, పక్షుల గూళ్లు... రోజుకి కొందరి పేర్లు వచ్చేవి. పొద్దున్నే పత్రికల దుకాణం ముందు లాటరీ ఫలితాలకి నిలబడ్డట్టు నిలబడేవాళ్లం. మా మందుల షాపు పక్కనే ఆ దుకాణం. నేను తలుపు తీయకముందే జనం పోగయ్యేవారు.

"మనవాడు వచ్చాడా ఇవాళ?"

"లేదు, పక్క జిల్లావాడు వచ్చాడు. కుక్క తిండి!"

"కుక్క తిండా? వాడి మొహం మండా!"

"మన డెస్మండ్ అలాంటివాడు కాదులే" అని బెరిల్ ఒక్కతే అనేది.

గురువారం నాడు వచ్చాడు. అయిదో పేజీ, పెద్ద ఫొటో. లండన్‌కి రైల్లో గంట దూరంలో, పచ్చటి పల్లెలో రాతి ఇల్లు. దాన్ని రెండో ఇల్లు అని చూపించాడు. ఇంటి వెనక ఈతకొలను. ఆ కొలనుకి కొత్త బాయిలర్. ఆ బాయిలర్ డబ్బు ఇప్పించమని జనవరిలోనే అడిగాడు, ఇప్పించారు కూడా.

దుకాణంలో అందరూ బెరిల్ వైపు చూశారు. ఆవిడ పత్రికని మొహానికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

"బాయిలరా?" అంది. "వీడు కొనుక్కున్నది బాయిలరా?"

"అవును బెరిల్."

"జనవరిలోనా?"

"జనవరిలోనే."

"నా భుజం మీద చెయ్యేసిన నెలలోనా?"

అంతే, దుకాణం బద్దలైంది! కసాయి షాపు ఆయన కౌంటర్ మీద గుద్దాడు. స్కూలుకి పిల్లల్ని తీసుకెళ్తున్న తల్లి ఒకావిడ పిల్లల ముందు అనకూడని మాట అని, తనే నోరు మూసుకుంది. "సర్దుకోవాలన్నాడు! మనం బల్లల మీద ఈదుతుంటే వాడు వేణ్ణీళ్లలో సర్దుకుంటున్నాడు!" అని ఎవరో అరిచారు. వీధిలో పోయేవాళ్లు లోపలికి వచ్చి, ఏమైందని అడిగి, తెలుసుకుని, వాళ్లూ అరవడం మొదలుపెట్టారు. ఇంత గొడవ చేయగలమని మా ఊరికే తెలియదు. ఎప్పుడూ "వర్షం పడేలా ఉందండీ" కంటే పెద్ద మాట అనని జనం!

డెస్మండ్ శనివారాలు లైబ్రరీలో కూర్చుని జనం సమస్యలు వింటాడు. మామూలుగా నలుగురైదుగురు వస్తారు. ఆ శనివారం వరస లైబ్రరీ దాటి, బేకరీ దాటి, బస్టాండు దాకా పాకింది. తీరా చూస్తే కుర్చీలో డెస్మండ్ లేడు. సూటు వేసుకున్న అతని సహాయకుడు ఒకడు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎంపీ గారికి ఒంట్లో బాగోలేదండీ. ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నారు."

"ఏ ఇంట్లో?" అంది బెరిల్.

అతను గొంతు సవరించుకున్నాడు. "అదే... ఆ ఇంకో ఇంట్లో."

నవ్వు, అరుపులు, ఈలలు అన్నీ ఒకేసారి. బెరిల్ పుస్తకాలు అందుకునే చిన్న నిచ్చెన పీట లాక్కుని ఎక్కింది. మెడలోని ఈల ఊదింది. అలవాటు కొద్దీ అందరూ ఠక్కున నోరు మూసుకున్నారు. సగం మంది చిన్నప్పుడు ఆ ఈలకి నీళ్లలోంచి బయటికి వచ్చినవాళ్లే మరి.

"పాపం, పిల్లవాడికి ఒంట్లో బాగోలేదట" అంది. "రేపు ఆదివారం. మనమే వెళ్లి చూసొద్దాం. చేతులూపుకుంటూ పోతే ఏం బాగుంటుంది? అందరూ ఈత బట్టలు, తువ్వాళ్లు తెచ్చుకోండి!"

ఆ కేకలకి లైబ్రరీ కిటికీలు అదిరాయి.

విల్ఫ్ తను పనిచేసిన కంపెనీకి వెళ్లి, మూలన పడి ఉన్న పాత బస్సు ఒకటి అడిగి తెచ్చాడు. డీజిల్ చందాల కోసం ఉన్ని టోపీ తిప్పితే సాయంత్రానికి నిండిపోయింది. పొద్దున్న ఆరింటికి బస్సెక్కుతుంటే నాకు భయమేసింది. పరాయి దేశంలో పుట్టినదాన్ని, ఒక ఎంపీ ఇంటి మీదికి పోవడమేమిటి? బెరిల్ పక్కన కూర్చుని ఆ మాటే అన్నాను.

"పన్ను కడుతున్నావా?" అంది.

"కడుతున్నాను."

"అయితే ఆ బాయిలర్లో ఒక మేకు నీది. ఇదుగో, శాండ్‌విచ్ తిను. గుడ్డూ, ఆకుకూరా."

దారి పొడవునా బస్సు హోరెత్తిపోయింది. వెనక అద్దానికి దుప్పటి కట్టాం. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో "మా బాయిలర్ ఎక్కడ, డెస్మండ్?" అని రాశాం. దాటిపోయే ప్రతి కారూ హారన్ కొట్టేది. లారీ డ్రైవర్లు చేతులూపేవారు. ఒకచోట టీ కోసం ఆగితే, ఎక్కడివాళ్లో తెలియని జనం చుట్టూ మూగారు. విషయం తెలిసి చప్పట్లు కొట్టారు. క్యాంటీనులో ఒకావిడ మా పళ్లెంలో అడక్కుండానే సాసేజీలు పెట్టేసింది. ఇంకో ఊరి ఆవిడ బస్సు కిటికీ పట్టుకుని వెంట నడుస్తూ అరిచింది: "మా ఎంపీ కర్టెన్లు కొనుక్కున్నాడండీ! మా తరఫున కూడా ఒక మునక వెయ్యండి!"

"వేస్తాం అమ్మా!" అని బస్సంతా ఒక్క గొంతుతో అరిచింది. అప్పుడు నా భయం పోయింది. ఎప్పుడు పోయిందో గమనించుకోలేదు గానీ, నేనూ కిటికీలోంచి తువ్వాలు ఊపుతున్నాను.

ఆ పల్లెకి చేరేసరికి సన్నగా తుంపర. ఎత్తైన ఇనప గేటు. దాని వెనక గులకరాళ్ల దారి, తేనె రంగు రాతి ఇల్లు, గులాబీలు. గేటు ముందు విలేకరులు అప్పటికే గొడుగులు పట్టుకుని కాచుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి కెమెరాలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చారు. ఒక యువ కానిస్టేబుల్ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు? ఏం పని మీద వచ్చారు?"

"ఈతకొచ్చాం నాయనా" అంది బెరిల్.

"అనుమతి ఉందా?"

"డబ్బు ముందే కట్టేశాం."

అతని పెదవులు వణికాయి. నవ్వాపుకోవడానికి నోట్లో బుగ్గ కొరుక్కున్నాడు. "రోడ్డు మీద నిలబడితే నేనేం అనను. గేటు దాటితే మాత్రం నా ఉద్యోగం చెయ్యాల్సి వస్తుంది."

"రోడ్డు చాలు. ఇన్నాళ్లూ బల్లల మీదే కదా ఈదాం" అంది బెరిల్. వెనక్కి తిరిగింది. "కోట్లు విప్పండి! వరస కట్టండి!"

ఆ దృశ్యం తర్వాత దేశమంతా చూసింది. వానలో, పల్లె రోడ్డు మీద, ఈత బట్టల్లో, రబ్బరు టోపీలు పెట్టుకుని, గేటుకి ఎదురుగా వరస కట్టాం. సిరిల్ మడతకుర్చీలో కూర్చున్నాడు. నేను మోకాళ్ల దాకా వచ్చే ఈత బట్టలో, చలికి పళ్లు టకటక కొట్టుకుంటుంటే, మొదటి వరసలో! బెరిల్ ఈల ఊదింది.

"చేతులు ముందుకి! విప్పు! లాగు! మళ్లీ! ఇండీ, తల పైకి! డెస్మండ్‌కి కనపడాలి!"

ఒక్కసారిగా అన్ని చేతులూ గాలిలో ఈదాయి. కెమెరాలు చకచకా క్లిక్కుమన్నాయి. ఆ పల్లె వాళ్లు ఇళ్లలోంచి బయటికి వచ్చారు. వాళ్లూ మా వాళ్లలాంటి వాళ్లే. ఒక ముసలాయన మా వరస చివర చేరి, కోటు మీదే చేతులు ఆడించడం మొదలుపెట్టాడు. "నాదీ పన్నే కదా" అన్నాడు.

ఇంటి తలుపు తెరుచుకుంది.

డెస్మండ్ స్వెటర్ వేసుకుని గులకరాళ్ల మీద నడిచి గేటు దాకా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. కెమెరాల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"నేను అడిగినవన్నీ నియమాల ప్రకారమే..."

"కెమెరాలతో కాదు డెస్మండ్. ఇటు చూడు" అంది బెరిల్.

అతను చూశాడు.

"మిసెస్ హాల్సాల్, మీ కోపం నాకు అర్థమైంది. కానీ ఇది ప్రైవేటు స్థలం."

"ప్రైవేటా? మరి బిల్లు మాకెందుకు పంపావురా?"

రోడ్డు మీద ఆనందం చెప్పలేను! పల్లె వాళ్లు, మేము, కానిస్టేబుల్‌తో సహా, అందరం కేకలు పెట్టాం. డెస్మండ్ ఆ కేకలు ఆగేదాకా నేల చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు బెరిల్ గొంతు తగ్గించింది. గేటు ఊచలు పట్టుకుంది.

"ఒక్క మాట చెప్పు. ఆ రోజు తలుపు ముందు సర్దుకోమన్నావు. సిరిల్ మోకాళ్లు నీకు తెలుసు. మా పిల్లలు తెలుసు. ఇంటికెళ్లి ఈ బాయిలర్ కాగితం మీద సంతకం పెట్టావు. అప్పుడు నేను గుర్తుకొచ్చానా, రాలేదా?"

అతను కుర్చీలో ఉన్న సిరిల్ వైపు చూశాడు. "రాలేదు" అన్నాడు.

ఎవరూ కేక వేయలేదు. ఆ మాట నిజమని అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు ఇంట్లోంచి అతని భార్య రోసలిండ్ వచ్చింది. మాకెవరికీ ఆవిడ పెద్దగా తెలియదు. భర్త పక్కన ఆగలేదు. గోడకి ఉన్న మీట నొక్కింది. గేటు నెమ్మదిగా తెరుచుకుంది.

"రోజ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు డెస్మండ్.

"వానలో వణుకుతున్నారు డెస్. నీళ్లు వేడిగానే ఉన్నాయి కదా" అంది ఆవిడ.

తమాషా ఏమిటంటే, గేటు తెరుచుకున్నాక మాకు కాళ్లు ఆడలేదు. ఇంత దూరం వచ్చి, ఇంత అరిచి, ఇప్పుడు లోపలికి రమ్మంటే సిగ్గు ముంచుకొచ్చింది. ఒకరినొకరు చూసుకున్నాం. కసాయి షాపు ఆయన "మీరు ముందు", "అబ్బే, మీరే ముందు" అని పక్కావిడతో మర్యాదలు మొదలుపెట్టాడు. కానిస్టేబుల్ పక్కకి జరిగి, "ఇంటివాళ్లే పిలిచారు కాబట్టి నాకేం పని లేదు" అన్నాడు. చివరికి బెరిల్ సిరిల్ కుర్చీ పట్టుకుంది, విల్ఫ్ రెండో వైపు పట్టుకున్నాడు. ఆయన్ని మోసుకుంటూ ముందు నడిచారు. మేమంతా వెనక.

కొలను మీదనుంచి వానలో ఆవిరి లేస్తోంది. నీలంగా, నిశ్చలంగా. బెరిల్ మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి ముంచింది. ఆ చెయ్యి అలాగే నీళ్లలో ఉంచుకుంది. జనవరి నుంచి ఆవిడ చర్మానికి కొలను నీళ్లు తగల్లేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

"సిరిల్ ముందు" అంది.

నలుగురం పట్టుకుని దింపాం. నీళ్లు నడుము దాకా రాగానే పెద్దాయన మా చేతులు విదిలించుకున్నాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. "నడుస్తున్నాను చూడండర్రా! నడుస్తున్నాను!" అని కొలను మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. ఆ తర్వాత ఇంక ఆపేవాళ్లెవరు? పిల్లలు దబదబా దూకారు. నీళ్లు గులాబీ మొక్కల దాకా చిమ్మాయి.

నేను మెట్ల దగ్గర గట్టు పట్టుకుని నిలబడ్డాను. చర్చి హాల్లో నెలల తరబడి చేసినదంతా మర్చిపోయాను.

"ఇండీ! గట్టు వదులు!" అని పైనుంచి బెరిల్.

"నావల్ల కాదు బెరిల్!"

"బల్ల మీద పడుకున్నావనుకో! కప్పలాగా!"

వదిలేశాను. ముడిచాను, విప్పాను, చాచాను. మునుగుతానని కళ్లు మూసుకున్నాను. మునగలేదు. నీళ్లు నన్ను పట్టుకున్నాయి! ఇంకోసారి. ఇంకోసారి. చేతికి ఏదో గట్టిగా తగిలింది. కళ్లు తెరిస్తే అవతలి గట్టు. పైన బెరిల్ గంతులేస్తోంది. ఎంపీ లేడు, బాయిలర్ లేదు, కెమెరాలు లేవు, ఆవిడకి ఏవీ గుర్తులేవు. పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

"చూశావా! చూశావా! వెడల్పంతా ఈదేసింది! బల్ల మీద నేర్చుకుని!"

ఆ పక్కన నిలబడ్డ మనిషి డెస్మండ్. అతనూ నవ్వుతున్నాడు. పట్టుకున్నది ఎవరి చెయ్యో తెలిశాక బెరిల్ వదిలేసింది. నేను గట్టు పట్టుకుని ఆయాసపడుతున్నాను, వాళ్ల మాటలు నాకు వినపడ్డాయి.

"ఎవరూ అడగలేదు మిసెస్ హాల్సాల్" అన్నాడతను మెల్లగా. "బిల్లు పంపితే డబ్బు వచ్చేది. మొదట్లో సిగ్గేసింది. తర్వాత వెయ్యలేదు."

"సిగ్గు వెయ్యడం మానేసిన రోజు నాకు ఫోన్ చెయ్యాల్సింది" అంది బెరిల్. "నాలుగు తన్ని ఉండేదాన్ని."

ఆవిడ మాత్రం ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. రోసలిండ్ తువ్వాలు తెచ్చి ఇచ్చి, దిగమని బతిమాలింది. "థాంక్స్ తల్లీ. నేను మా ఊళ్లోనే దిగుతాను" అంది. వెళ్లేటప్పుడు చిందిన నీళ్లన్నీ మాతో తుడిపించింది.

మర్నాడు అన్ని పత్రికల్లోనూ మేమే! మందుల షాపులో జనం దగ్గు మందు అడగడానికి వచ్చి, నా ఫొటో ఉన్న పత్రిక మీద సంతకం పెట్టించుకున్నారు. ఇండియాలో మా చెల్లెలు ఫోన్ చేసి, "ఆ టోపీ ఏమిటే అక్కా, అసలు నువ్వేనా?" అని నవ్వి నవ్వి ఏడ్చింది.

అందరూ మెచ్చుకోలేదు. స్థానిక పత్రికకి ఒకాయన ఉత్తరం రాశాడు, వీళ్లు మాత్రం ఊరికే వచ్చిన వేణ్ణీళ్లు అనుభవించలేదా అని. మేం కొట్టిపారేశాం. బెరిల్ రెండు రోజులు అన్నం సహించనట్టు తిరిగింది. మూడో రోజు కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి, ఆ రోజు నీళ్లలోకి దిగిన అందరికీ ఊరి కొలను టికెట్ ధర చొప్పున కట్టింది. "ప్రజల డబ్బుతో వెచ్చబడ్డ నీళ్లు. టికెట్ లేకుండా దిగితే వాడికీ మనకీ తేడా ఏముంది?" అంది. ఆ డబ్బు ఏ ఖాతాలో వేసుకోవాలో తెలియక గుమస్తా పైవాళ్లకి, పైవాళ్లు ఆ పైవాళ్లకి ఫోన్లు చేశారు.

డెస్మండ్ వేసవి లోపే ఆ డబ్బంతా తిరిగి కట్టాడు. మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. అతని మీద నాకు జాలి వేసిందంటే బెరిల్ కసిరింది. కానీ వాళ్లమ్మ చనిపోయినప్పుడు అంత్యక్రియలకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నది కూడా ఆవిడే.

ఆ ఊపు ఊళ్లో చల్లారలేదు. ఒకసారి అరవడం అలవాటయ్యాక మేము ఊరుకోలేదు. కౌన్సిల్ సమావేశాలకి తువ్వాళ్లు భుజాన వేసుకుని వెళ్లి కూర్చునేవాళ్లం. విసిగిపోయి, "మీరే నడుపుకోండి" అని తాళాలు మా చేతికిచ్చారు. రిటైరైన ప్లంబర్లు ముగ్గురు నేలమాళిగలో దూరి పాత బాయిలర్ ఊడదీశారు. కేకులు అమ్మాం, పందేలు పెట్టాం. విల్ఫ్ తన బట్టతల మీద రంగులు వేయించుకోవడానికి కూడా టికెట్ పెట్టాడు. మరుసటి ఏడాది మార్చిలో కొత్త బాయిలర్ రాజుకుంది. తలుపులు తీసిన పొద్దున బెరిల్ ఎవరికోసమూ ఆగలేదు. రిబ్బను కత్తిరించడానికి కత్తెర వెతుకుతున్నారు. ఆవిడ రిబ్బను కింద నుంచి దూరి, ఈత బట్టల మీద వేసుకున్న గౌను విప్పి అవతల పడేసి, లోతు వైపు దూకేసింది. అటు కొస దాకా నీళ్ల అడుగునే పోయి తేలింది. చప్పట్లతో పైకప్పు లేచిపోయింది.

మే నెలలో ఎన్నికలు. నిలబడమని బెరిల్‌ని రెండు పార్టీల వాళ్లు అడిగారు. "రోజంతా కూర్చోవాలటగా? నావల్ల కాదు" అంది. కానీ అభ్యర్థుల సభ మాత్రం టౌన్‌హాల్లో వద్దు, కొలను దగ్గరే పెట్టాలని పట్టుబట్టింది. ఓటర్లు సగం మంది అక్కడే ఉంటారని సాకు చెప్పింది.

నలుగురు అభ్యర్థులు సూట్లు వేసుకుని వచ్చారు. బెరిల్ తలుపు దగ్గరే ఆపింది.

"బూట్లు విప్పండి. లోపలికి బూట్లు రాకూడదు. మేజోళ్లు కూడా. నేల తడి, జారి పడతారు."

టీవీ వాళ్లు చూస్తుండగా, నలుగురూ ప్యాంట్లు పైకి మడిచి, వట్టి కాళ్లతో తడి పలకల మీద వరసగా నిలబడ్డారు. ఒకాయన కాలి వేళ్లు ముడుచుకుంటున్నాడు. ఒకావిడ గోళ్ల రంగు చూసి పిల్లలు కిసకిసా నవ్వారు. మేమంతా నీళ్లలో, మెడల దాకా మునిగి, గట్టు పట్టుకుని పైకి చూస్తున్నాం.

మొదటి ప్రశ్న సిరిల్‌ది.

"మీకు ఇళ్లెన్ని? ఎక్కడెక్కడ? గట్టిగా చెప్పండి, నా చెవుల్లో నీళ్లున్నాయి."

గోళ్ల రంగు ఆవిడ ముందు నవ్వింది. "ఒకటే అండీ, అదీ అద్దెది. స్టేషన్ రోడ్డులో, చేపల కొట్టు మీద."

"కంపు కొడుతుందా?"

"బాగా!"

కొలనంతా చప్పట్లే. చప్పట్లంటే నీళ్ల మీద అరచేతులతో. నలుగురు అభ్యర్థులూ తల నుంచి మడిచిన ప్యాంట్ల దాకా తడిసిపోయారు. పక్కకి తప్పుకోబోయిన ఒకాయన జారితే, బెరిల్ మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది.

"ఎక్కడికి?" అంది. "తర్వాత మీరే. చెప్పండి."